జాబితాకు అటూ ఇటూ: శరణార్థులకిచ్చే వైద్యం, పునరావాసం ఎలా నడుస్తాయి? స్థానికులతో పేచీ ఎక్కడొస్తుంది?

క్లుప్తంగా: శరణార్థుల ఆరోగ్య, పునరావాస ప్రాజెక్టుల్లో మందులు తేవడం కంటే కష్టమైన పని, ఎవరికి ఇవ్వాలో తేల్చడం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లను వదిలేసి కొత్తగా వచ్చినవాళ్లకే ఇస్తే ఆ సాయమే తగాదాకు దారి తీస్తుంది. అందుకే విడిగా క్లినిక్కులు పెట్టడం తగ్గించి, స్థానిక ప్రభుత్వ ఆసుపత్రులనే బలపరిచి ఇద్దరికీ అక్కడే వైద్యం అందించే పద్ధతి కొన్నేళ్లుగా పెరుగుతోంది. 2025లో విదేశీ నిధులు ఒక్కసారిగా పడిపోవడంతో ఆ పద్ధతి ఇరకాటంలో పడింది. విజయవాడ వరదలు చూసినవాళ్లకు ఈ చిక్కులు కొత్తవేం కాదు.

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర చూసిందే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, జక్కంపూడి మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. సాయమంతా చాలావరకు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీదుగానే లోపలికి వెళ్లింది. దాంతో ఫ్లైఓవర్ పక్క వీధులకు అన్నం పొట్లాలు మళ్లీ మళ్లీ అందాయి. లోపలి సందుల్లో, మేడల మీద చిక్కుకున్నవాళ్లు మాత్రం మంచినీళ్లకు కూడా ఎదురుచూడాల్సి వచ్చింది.

నీళ్లు తీశాక అసలు టెన్షన్ మొదలైంది. కింది అంతస్తు మునిగిన కుటుంబానికి 25 వేల రూపాయలు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు 10 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. సచివాలయ సిబ్బంది ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నారు. ఆ తర్వాత జాబితాలో తమ పేరు లేదంటూ కలెక్టరేట్‌కు క్యూ కట్టినవాళ్లు ఉన్నారు. ఇంటికి తాళం వేసి బంధువుల దగ్గర తలదాచుకున్న రోజునే సర్వే అయిపోయిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. అద్దె ఇల్లయితే డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న పేచీ వేరే.

వరద బాధితులు శరణార్థులు కారు, సొంత ఊళ్లోనే ఉన్నారు, ఓటు ఉంది, నిలదీసే హక్కుంది. అయినా సాయం నడిచిన తీరు అదే. ముందు ఒక హద్దు గీస్తారు, తర్వాత జాబితా రాస్తారు, ఆ జాబితాకు అవతల మిగిలిపోయినవాళ్లు కోపంతో రగులుతారు. శరణార్థుల విషయంలో ఈ మూడూ ఎన్నో రెట్లు పెద్దవవుతాయి. ఎందుకంటే అక్కడ జాబితాలో ఉన్నవాళ్లు పరాయి దేశస్థులు, లేనివాళ్లు ఆ ఊళ్లోనే పుట్టినవాళ్లు.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం జాతి, మతం, రాజకీయ అభిప్రాయం లాంటి కారణాలతో హింసకు గురవుతామనే భయంతో దేశం దాటినవాళ్లే శరణార్థులు. దేశం దాటకుండా ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లాల్సి వచ్చినవాళ్లు నిర్వాసితులు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ఇలా బలవంతంగా చెదిరిపోయినవాళ్లు ప్రపంచమంతటా 12.32 కోట్లు. అందులో శరణార్థులు 4.27 కోట్లు. వాళ్లంతా యూరప్, అమెరికాలకే పోతున్నారన్న అభిప్రాయం మన టీవీ చర్చల్లో బాగా వినబడుతుంది. నిజానికి నూటికి 73 మందికి ఆశ్రయమిచ్చింది పేద, మధ్యాదాయ దేశాలే. పక్క దేశంలో ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

డాక్టరు కంటే ముందు నీళ్ల ట్యాంకు

1994 జులైలో రువాండా నుంచి లక్షల మంది కొద్ది రోజుల్లోనే సరిహద్దు దాటి ఇప్పటి కాంగోలోని గోమా పట్టణం చుట్టూ చేరారు. నేలంతా అగ్నిపర్వతం రాయి. మరుగుదొడ్డికి గొయ్యి తవ్వే వీల్లేదు. తాగడానికి చెరువు నీళ్లే. మొదటి నెలలోనే దాదాపు 50 వేల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ప్రాణాలు తీసింది కలరా, రక్త విరేచనాలు. అప్పటికే అక్కడ స్వచ్ఛంద సంస్థలకు, డాక్టర్లకు కొదవ లేదు. ఎవరి పని వాళ్లు చేసుకుపోయారు తప్ప కనీసం ఎన్ని నీళ్లు ఇవ్వాలి, ఎన్ని దొడ్లు కట్టాలి అనే ఉమ్మడి లెక్క లేదు.

ఆ దెబ్బతోనే 1997లో స్పియర్ ప్రమాణాల (సాయం చేసే సంస్థలు కలిసి రాసుకున్న కనీస లెక్కల) పని మొదలైంది. ఇప్పుడు ఏ క్యాంపులో అయినా చూసే లెక్కలు అవే. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, తలదాచుకోవడానికి మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు. రోజుకు ప్రతి 10 వేల మందిలో ఒకరికి మించి చనిపోతుంటే దాన్ని అత్యవసర పరిస్థితిగా ప్రకటిస్తారు. లక్ష మంది ఉన్న క్యాంపులో రోజుకు మరణాలు 10 దాటితే ప్రమాద గంట మోగినట్టే. ఈ లెక్క రావాలంటే శ్మశానంలో గోతులు లెక్కపెట్టే మనిషిని కూడా పెట్టుకోవాలి. చాలా క్యాంపుల్లో మొదటి వారాల్లో పెట్టుకునేదీ ఆ మనిషినే.

ఆ తర్వాత తట్టు టీకా. ఇరుకులో తట్టు వేగంగా పాకుతుంది, తిండి సరిగ్గా లేని పిల్లల్ని చంపేస్తుంది. అందుకే 6 నెలల నుంచి 15 ఏళ్ల దాకా అందరికీ వేస్తారు, పాత కార్డు చూపించమని అడగరు. 2017 చివర్లో బంగ్లాదేశ్‌లో, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాల క్యాంపుల్లో, చాలామంది యువ డాక్టర్లు పాఠ్యపుస్తకాల్లో తప్ప చూడని డిఫ్తీరియా (కంఠసర్పి) వేల అనుమానిత కేసులతో బయటపడింది. సొంత దేశంలో ఏళ్ల తరబడి టీకాలు అందనివాళ్లంతా ఒకే కొండవాలు మీద గుడిసెలు వేసుకుంటే జరిగేది అదే.

నీళ్ల సంగతి గుంటూరు వాళ్లకు విడిగా చెప్పాల్సిన పని లేదు. 2018 మార్చిలో పాత గుంటూరు వైపు తాగునీటిలో మురుగు కలిసి డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. క్యాంపయినా, బస్తీ అయినా పైపు పగిలితే సూక్ష్మజీవి ఎవరి పౌరసత్వమూ అడగదు. క్యాంపు కంచె దగ్గర ఆగిపోయే ఆరోగ్య ప్రాజెక్టు నిలవకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఉఖియాలో రేట్లు పెరిగాయి, కూలి తగ్గింది

2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాకు వచ్చారు. ముఖ్యంగా ఉఖియా, టెక్నాఫ్ ఉపజిల్లాలు. అక్కడి స్థానికుల సంఖ్య దాదాపు 5 లక్షలే. మొదటి రోజుల్లో ఆ ఊళ్లవాళ్లే అన్నం పెట్టారు, వసారాల్లో పడుకోనిచ్చారు. ఏడాది తిరిగేసరికి మాట మారింది. దానికి కారణాలు మనసుల్లో కంటే బజారులో ఎక్కువ కనిపిస్తాయి.

క్యాంపువాళ్లకు పని చేయడానికి చట్టబద్ధమైన అనుమతి లేదు. అనుమతి లేకపోయినా కడుపు ఊరుకోదు కాబట్టి తక్కువ కూలికి బయట పనికి వెళ్లారు. దాంతో స్థానిక కూలీల రేటు పడిపోయింది. కూరగాయలు, చేపలు, ఇంటి అద్దెలు మాత్రం పెరిగాయి. వంటచెరకు కోసం అడవి కరిగింది. స్థానిక ఆసుపత్రిలో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఎక్కువ జీతమిచ్చే సంస్థల వైపు చూశారు. చిట్టగాంగ్ యాస రోహింగ్యాల భాషకు దగ్గర కావడంతో కాలేజీ చదువు మధ్యలో ఆపి దుభాషి ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్లూ ఉన్నారు. ఇల్లు అద్దెకిచ్చినవాడు, దుకాణం ఉన్నవాడు బాగుపడ్డాడు. రోజుకూలీ నష్టపోయాడు. 'స్థానికులు' అని ఒకే మాటలో చెబుతాం గానీ, లాభనష్టాలు వాళ్లందరికీ ఒకేలా ఉండవు.

దిద్దుబాటుగా చేసిన వాటిలో బాగా పనిచేసింది గ్యాస్ బండ. 2018 నుంచి క్యాంపు కుటుంబాలకూ, చుట్టుపక్కల ఊళ్ల పేద కుటుంబాలకూ స్టవ్వు, సిలిండర్ ఇచ్చారు. అడవి మీద ఒత్తిడి తగ్గింది. కట్టెల కోసం వెళ్లే ఆడవాళ్లపై దాడుల భయం తగ్గింది. ఇరుకు గుడిసెల్లో పొగ కూడా తగ్గింది. ఇవన్నీ కాగితం మీద వేర్వేరు శాఖల పనులు, అందుకే వీటిని ఒకే ప్రాజెక్టుగా రాయడానికి దాతలు తటపటాయిస్తారు.

యుగాండాది వేరే దారి. 17 లక్షలకు పైగా శరణార్థులున్న ఆ దేశం 2006 శరణార్థుల చట్టం ప్రకారం పని చేసుకునే, తిరిగే హక్కు ఇచ్చింది. చిన్న సాగు స్థలం కూడా ఇస్తుంది. శరణార్థుల కోసం వచ్చే సాయంలో 30 శాతం స్థానికులకు చేరాలన్నది అక్కడి విధానం. 2016లో దక్షిణ సూడాన్ నుంచి వచ్చినవాళ్లకు యుంబే జిల్లాలో బిడిబిడి సెటిల్‌మెంట్ (శరణార్థుల ఆవాసం) తెరిస్తే, కొన్ని నెలల్లోనే 2.7 లక్షల మంది చేరి ప్రపంచంలోనే పెద్ద సెటిల్‌మెంట్లలో ఒకటైంది. అక్కడి ఆరోగ్య కేంద్రాల్లో ఓపీ చీటీ ఇద్దరికీ ఒకటే. తర్వాత ప్రభుత్వమే శరణార్థుల వైద్యాన్ని జాతీయ ఆరోగ్య ప్రణాళికలో కలిపింది. స్థానికుడి దృష్టిలో శరణార్థులు వస్తే ఊరికి ఆసుపత్రి వస్తుందన్న లెక్క ఏర్పడింది. పొరుగువాడి మంచితనం మీద కంటే ఈ లెక్క మీద ఆధారపడటమే మేలని యుగాండా అధికారులు గ్రహించినట్టు కనిపిస్తుంది.

జోర్డాన్ అనుభవం మరోలా ఉంది. సిరియన్ శరణార్థుల్లో నూటికి 80 మందికి పైగా అక్కడ క్యాంపుల్లో కాక పట్టణాల్లో అద్దెకుంటున్నారు. మొదట్లో ప్రభుత్వాసుపత్రుల్లో వాళ్లకు ఉచితం. ఖజానా తట్టుకోలేక 2014 నవంబరులో ఉచితం తీసేసి, బీమా లేని జోర్డాన్ పౌరుడు కట్టే ఫీజు పెట్టారు. 2018లో దాన్ని విదేశీయుల రేటులో 80 శాతానికి పెంచారు. అంతే, గర్భిణులు చెకప్‌లు మానేశారు, షుగరు రోగులు మాత్రలు సగం సగం వేసుకున్నారు. 2019లో దాత దేశాలు కలిసి ఆరోగ్య శాఖకే నేరుగా డబ్బు వేసే ఉమ్మడి ఖాతా పెట్టాక పాత రేటు తిరిగొచ్చింది. ఆ డబ్బుతో కొన్న పరికరాలు స్థానికులకూ ఉపయోగపడ్డాయి.

డయాలసిస్ ఎవరికి? కమిటీ గదిలో జరిగేది

జ్వరం, కాన్పు, టీకా వరకు క్యాంపు క్లినిక్ చాలు. క్యాన్సర్, కిడ్నీ, గుండె జబ్బయితే పెద్దాసుపత్రికి రిఫర్ చేయాలి, బిల్లు కట్టాలి. ఈ బడ్జెట్ ఎప్పుడూ చిన్నదే. ఖర్చు ఒక పరిమితి దాటిన కేసుల మీద నిర్ణయానికి డాక్టర్లతో ఒక కమిటీ ఉంటుంది. రోగి పేరు చూపించరు. జబ్బు, వయసు, చికిత్సతో కోలుకునే అవకాశం, మొత్తం ఖర్చు, ఇవే వాళ్ల ముందుంటాయి. ఒకసారి ఆపరేషన్‌తో నయమయ్యే పిల్లాడి గుండె రంధ్రానికి ఒప్పుకుంటారు. వారానికి రెండు మూడుసార్లు బతికినంత కాలం చేయాల్సిన డయాలసిస్‌కు చాలాచోట్ల కాదంటారు. ఒక్క రోగి డయాలసిస్‌కు ఏడాదికయ్యే డబ్బుతో ఎన్ని కాన్పులు క్షేమంగా జరపొచ్చో పక్కన రాసి ఉంటుంది.

ఎన్‌టీఆర్ వైద్యసేవ కార్డు ఉన్న కుటుంబానికి ఇది వింతగా తోచొచ్చు. మన దగ్గర జబ్బు జాబితాలో ఉందా, ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా అన్నదే ప్రశ్న. డయాలసిస్ ఆ జాబితాలో ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం ఖర్చు మోసేది ఎక్కువగా రాష్ట్ర ఖజానా. శరణార్థి వెనక అలాంటి ఖజానా లేదు. యుద్ధానికి ముందు సిరియాలో షుగరు, బీపీ మందులు వాడుకుంటూ బతికిన మధ్యతరగతి జనం శరణార్థులుగా మారినప్పుడు, కలరా కోసం తయారైన వ్యవస్థ చేతులెత్తేసింది. అంటువ్యాధుల లెక్కలతో నడిచే ప్రాజెక్టులో రోజూ ఇన్సులిన్ కావాల్సిన మనిషికి చోటు వెతకడం ఇప్పటికీ తెగని పని.

మూడో దేశానికి: ముందు ఎక్స్‌రే, తర్వాత విమానం

శరణార్థి కథ ముగియడానికి మూడు దారులే ఉన్నాయి. ఇష్టపూర్వకంగా సొంత దేశానికి తిరిగి వెళ్లడం, ఆశ్రయమిచ్చిన చోటే స్థిరపడటం, మూడో దేశానికి వెళ్లి స్థిరపడటం. ఎక్కువగా వార్తల్లోకొచ్చే మూడోది ఇటీవలి ఏళ్లలో ఒక శాతం కూడా ఉండటం లేదు.

భూటాన్ నుంచి వెళ్లగొట్టబడి నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల క్యాంపుల్లో ఏళ్ల తరబడి ఉన్న నేపాలీ భాషీయులది అరుదైన ఉదాహరణ. 2007 తర్వాత పదేళ్లకు పైగా కాలంలో దాదాపు 1,13,000 మంది 8 దేశాలకు వెళ్లారు, ఎక్కువ మంది అమెరికాకు. ఆ ప్రయాణానికి ముందు వైద్య పరీక్ష ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రేలో అనుమానం వస్తే కఫాన్ని కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష)కు పంపుతారు, ఫలితానికి వారాలు పడుతుంది. టీబీ తేలితే కనీసం 6 నెలల మందుల కోర్సు పూర్తయ్యాకే టికెట్. ఈలోగా భద్రతా అనుమతి గడువు దాటిపోతే అది మళ్లీ మొదటికొస్తుంది. కుటుంబంలో ఒక్కరికి టీబీ వస్తే ఇల్లంతా ఆగిపోయిన సందర్భాలు మామూలే. పునరావాసంలో ఆరోగ్య విభాగం ఆలస్యమైతే మిగతా విభాగాలన్నీ దాని వెనకే నిలబడతాయి.

అమెరికాలో దిగాక చేసిన పరీక్షల్లో చాలామందిలో బి12 విటమిన్ లోపం కనిపించింది. ఏళ్ల తరబడి రేషన్‌లో మాంసం, గుడ్లు, పాలు దాదాపు లేకపోవడమే దానికి కారణమని అనుమానించారు. 2009 తర్వాత వాళ్లలో ఆత్మహత్యలు పెరగడంతో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ విడిగా అధ్యయనం చేయాల్సి వచ్చింది. క్యాంపు నుంచి బయటపడ్డాక అంతా సర్దుకుంటుందన్న అంచనా అలా తప్పింది.

మన చుట్టుపక్కల

భారత్ 1951 ఒప్పందం మీద గానీ, దాన్ని విస్తరించిన 1967 ప్రొటోకాల్ మీద గానీ సంతకం పెట్టలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. ఎవరిని ఎలా చూడాలన్నది ఒక్కో గుంపుకు ఒక్కోలా, కేంద్రం ఇష్టం మీద నడుస్తుంది. అలాగని అనుభవం లేదనలేం. 1942లోనూ, 1964 తర్వాతా బర్మా నుంచి తెలుగువాళ్లు గుంపులుగా తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంప్ అన్న పేరు నేటికీ ఉంది. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగొచ్చినవాళ్లకు అప్పులివ్వడానికే 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. కాగజ్‌నగర్ దగ్గరి బెంగాలీ క్యాంపులూ ఈ కోవలోవే.

ఇంకా దగ్గరి ఉదాహరణ గుత్తికోయలు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం (ప్రభుత్వ అండతో మావోయిస్టులపై లేచిన సాయుధ దళాలు), మావోయిస్టుల మధ్య నలిగి వేల మంది గోదావరి వైపు అడవుల్లోకి, చింతూరు, భద్రాచలం వైపుకు వచ్చారు. దేశం దాటలేదు కాబట్టి శరణార్థులు కారు. కానీ పక్క రాష్ట్రానికి రావడంతోనే ఎస్టీ గుర్తింపు చిక్కులో పడింది, పోడు భూమి మీద స్థానిక గిరిజనులతోనూ అటవీ శాఖతోనూ తగాదా మొదలైంది. రోడ్డు లేని గూడెంలో మలేరియా పరీక్ష చేయాలంటే ఆ గూడెం అధికారిక జాబితాలో ఉండాలి. జాబితాలోకెక్కిస్తే ఆక్రమణను ఒప్పుకున్నట్టవుతుందని ఒక శాఖ సందేహం. వైద్యం కోసం పేరు రాయడాన్ని, భూమి హక్కు కోసం పేరు రాయడాన్ని వేరు చేసి చూస్తే ఈ ముడి చాలావరకు విడిపోతుంది.

పోలవరం నిర్వాసితులకు వర్తించే 2013 భూసేకరణ చట్టం ఇంతకంటే నయం. పునరావాస కాలనీకి 2 కిలోమీటర్ల లోపు ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలని మూడో షెడ్యూల్ చెబుతుంది. అయితే ఆ షెడ్యూల్ చూపంతా వచ్చి చేరేవాళ్ల మీదే. కాలనీ పక్కన పాత ఊరి బోరు మీద, పాత బడి మీద పడే భారం లెక్క వేరే ఎవరో చూసుకోవాలి.

విజయవాడలోనే కాలువ గట్ల మీద నుంచి ఖాళీ చేయించినవాళ్లకు నగరం అంచున కాలనీలు కట్టారు. పని దొరికేది వన్‌టౌన్‌లో, బస్టాండు చుట్టుపక్కల. ఆటో చార్జీకే సగం కూలి పోతుందన్న ఫిర్యాదు మొదటి నుంచీ ఉంది. 2024లో బుడమేరు ముంచిన వాటిలో జక్కంపూడి, వాంబే కాలనీల్లాంటివి ఉండటం, పునరావాసానికి స్థలం ఎంచుకునేటప్పుడు చౌకగా దొరికే భూమి ఎందుకు చౌకో చూడాలని గుర్తు చేస్తుంది. కాక్స్ బజార్‌లోనూ కొండచరియలు విరిగిపడే వాలు మీదే క్యాంపులు వెలిశాయి. మిగతా భూమికి అప్పటికే యజమానులున్నారు.

2025 తర్వాత

2024 వరకూ ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు వచ్చే డబ్బులో దాదాపు 40 శాతం అమెరికాదే ఉండేది. 2025 జనవరిలో అమెరికా శరణార్థుల రాకను నిలిపేసింది, విదేశీ సాయాన్ని స్తంభింపజేసింది. ఆ ఏడాది జులైకి అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడింది. 2026 ఆర్థిక సంవత్సరానికి శరణార్థుల గరిష్ఠ సంఖ్యను 7,500గా పెట్టింది. శరణార్థుల సంస్థ దాదాపు 3,500 ఉద్యోగాలు తగ్గించుకుంది. యుగాండాలో దాదాపు 10 లక్షల మందికి ఆహార సాయం ఆగింది.

రేషన్ తగ్గితే ఏమవుతుందో రోహింగ్యా క్యాంపుల్లో అంతకుముందే కనిపించింది. 2023లో నెలకు మనిషికి 12 డాలర్లున్న ఆహార వోచరును మార్చిలో 10కి, జూన్‌లో 8కి తగ్గించారు. అంటే రోజుకు పాతిక రూపాయలు కూడా కాదు. తిండి తగ్గితే పిల్లల బరువు పడిపోతుంది, రక్తహీనత పెరుగుతుంది, మగవాళ్లు ఇంకా తక్కువ కూలికి బయటికెళ్తారు, చిన్న వయసు పెళ్లిళ్లు పెరుగుతాయి. స్థానిక కూలీతో పోటీ మళ్లీ మొదలవుతుంది. 2024లో వోచరును మళ్లీ పెంచారు. 2025 మార్చిలో 6 డాలర్లకు కోస్తామని ప్రకటించి, ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గారు.

డబ్బు తగ్గినప్పుడు అన్ని క్లినిక్కులూ ఒకేసారి మూతపడవు. సంస్థ ప్రాజెక్టు కింద ఏడాది కాంట్రాక్టుతో నడిచేవి ముందు పోతాయి. నర్సు జీతం జిల్లా ఆరోగ్య శాఖ పద్దులోకి ఎక్కిన చోట మందులు తగ్గినా తలుపు తెరిచే ఉంటుంది. బిడిబిడి లాంటి చోట్ల ఇప్పుడు జిల్లా అధికారులు, సంస్థల మధ్య సాగుతున్న బేరం దీని మీదే: ఏ కేంద్రంలో ఎంతమంది సిబ్బందిని, ఏ ఏడాది నుంచి, ఎవరి జీతాల పట్టీలోకి మార్చాలి అని.